ఫ్లూ టీకాకు విశాఖలో అదనెప్పుడు?

ఫ్లూ టీకా గురించి రెండు మాటలు పక్కపక్కనే చెలామణి అవుతున్నాయి. ఏటా తప్పక వేయించుకోవాలి, పెద్దవయసులో ప్రాణం నిలబెడుతుంది అన్నది ఒకటి. వేయించుకున్నా జ్వరం వచ్చింది, డబ్బు దండగ అన్నది రెండోది. రెండింటికీ ఆధారాలు దొరుకుతాయి. అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ ఏటేటా వేసే అంచనాల్లో 2010-11 సీజనుకు టీకా సమర్థత 60 శాతం. 2014-15లో అది 19 శాతానికి పడిపోయింది. 2004-05లో అయితే 10 శాతమే. దేశం అదే, టీకా తయారీ పద్ధతి దాదాపు అదే, అంకె మాత్రం ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంది. తట్టు టీకాకో పోలియో టీకాకో ఈ పరిస్థితి లేదు.

విశాఖపట్నానికి వచ్చేసరికి ఈ చిక్కుకు ఇంకో ముడి పడింది. పైన చెప్పినవి శీతాకాలపు దేశాల లెక్కలు. మన వైపు ఫ్లూ ఎక్కువగా వానలతో వస్తుంది. దేశదేశాల నావికులు దిగే రేవు ఒకపక్క, మూడు షిఫ్టుల్లో వేలమంది భుజం భుజం కలిపి పనిచేసే ఉక్కు కర్మాగారం ఇంకోపక్క, బొగ్గు ధూళి పీల్చి పీల్చి ఆయాసం ముదిరిన పెద్దవాళ్లు రెండింటి చుట్టూ. టీకా ఎవరికి ఎక్కువ అవసరమో జాబితా రాస్తే ఈ ఊళ్లో చాలామంది పేర్లు అందులోకి ఎక్కుతాయి. వాళ్లకు వేసే టీకా ఎందుకు ఒక్కో ఏడాది ఒక్కోలా పనిచేస్తుందో డెబ్భై ఏళ్లకు పైగా వాదిస్తూనే ఉన్నారు. ఆ వాదనల్లో ఏవి నిలిచాయి, ఏవి సగం నిజాలు, ఏవి ఇంకా తేలలేదు అన్నది ఇక్కడ చూద్దాం.

రేవుల మీదుగా వచ్చిన చరిత్ర

1918లో బొంబాయి రేవు గుండా దేశంలోకి వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా కొద్ది నెలల్లో కోటిమందికి పైగా జనాన్ని పొట్టనపెట్టుకుంది. కారణం ఏమిటో అప్పటికి తెలియదు. మనుషుల ఫ్లూ వైరస్‌ను లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్‌లా కలిసి ఫెర్రెట్ అనే ముంగిసలాంటి జంతువుల సాయంతో పట్టుకున్నది 1933లో. విశాఖ రేవు మొదలైందీ ఆ ఏడాదే. 1940లో థామస్ ఫ్రాన్సిస్ బి రకం వైరస్‌ను గుర్తించారు. ఆయనా, ఆయన దగ్గర పనిచేసిన జోనస్ సాకూ ఉన్న బృందం కోడిగుడ్లలో పెంచి చంపిన వైరస్‌తో టీకా తయారుచేసింది. 1945లో దాన్ని అమెరికా సైనికులకు వేస్తే బాగానే పనిచేసింది.

రెండేళ్లు తిరిగేసరికి ఎదురుదెబ్బ తగిలింది. 1947లో ఫ్లూ వచ్చినప్పుడు మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో టీకా పడినవాళ్లకూ పడనివాళ్లకూ దాదాపు తేడా కనపడలేదు. వైరస్ ఈలోగా మారిపోయింది. సమర్థత గురించిన చర్చకు పునాది అక్కడ పడింది. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటుచేసిన ఫ్లూ నిఘా వ్యవస్థకు వెనక ఉన్నది ఈ అనుభవమే. దేశాలన్నీ నమూనాలు సేకరిస్తాయి, నిపుణులు కూర్చుని వచ్చే సీజను టీకాలో ఏ స్ట్రెయిన్లు, అంటే ఏ వైరస్ ఉపరకాలు, పెట్టాలో చెబుతారు.

1957 మేలో ఏషియన్ ఫ్లూ సింగపూర్ నుంచి మద్రాసు రేవుకు వచ్చిన ఓడలో మన తీరం చేరింది. కూనూరు పాశ్చర్ సంస్థలో ఆ వైరస్‌ను వేరుచేశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరికల్లా దేశంలో నమోదైన కేసులు 44 లక్షలు దాటాయి. 1968లో హెచ్3ఎన్2 అనే వైరస్ వచ్చింది. అంతకుముందు కనుమరుగైన మరో రకం హెచ్1ఎన్1 1977లో తిరిగి వచ్చింది. 2009 మేలో కొత్త హెచ్1ఎన్1, అంటే మనం స్వైన్ ఫ్లూ అన్నది, దేశంలో మొదటిసారి బయటపడింది హైదరాబాద్‌లో, అమెరికా నుంచి విమానంలో వచ్చిన ఒక యువకుడిలో. మరుసటి ఏడాది భారత్ బయోటెక్ అదే హైదరాబాద్ నుంచి గుడ్ల బదులు కణాల్లో వైరస్‌ను పెంచి చేసిన హెచ్‌ఎన్‌వ్యాక్ టీకాను విడుదల చేసింది. కణాలా, గుడ్లా అన్నది ఎందుకు ముఖ్యమో ముందు ముందు వస్తుంది.

శాతం వెనక ఏముంది

టీకా సమర్థత 40 శాతం అంటే వేసుకున్న నూరుమందిలో 40 మందికే పనిచేసిందని చాలామంది అనుకుంటారు. అది కాదు. టీకా లేకపోతే వంద మంది ఫ్లూతో పడకేసే చోట అరవై మందే పడకేశారని దాని అర్థం. ఫ్లూ తక్కువగా ఉన్న ఏడాది 60 శాతం టీకా కాపాడేది కొద్దిమందినే. ఉధృతంగా ఉన్న ఏడాది 30 శాతం టీకా కూడా చాలామందిని ఆసుపత్రి గడప ఎక్కకుండా చూస్తుంది. కాక్రేన్ సంస్థ 2018 సమీక్ష ఆరోగ్యంగా ఉన్న వయోజనుల మీద జరిగిన పరీక్షలను కలిపి చూసింది. టీకా లేనివాళ్లలో 2.3 శాతం మందికి ఫ్లూ వస్తే, ఉన్నవాళ్లలో 0.9 శాతం మందికి వచ్చింది. ఒక్కరికి ఫ్లూ తప్పాలంటే 71 మందికి టీకా వేయాలన్నమాట. సమర్థత శాతంగా చెబితే ఇదే ఫలితం 60 దగ్గరకు వస్తుంది. ఒకే అంకెల నుంచి టీకాను సమర్థించేవాళ్లూ, వద్దనేవాళ్లూ ఎవరి వాక్యం వాళ్లు తీసుకుంటున్నారు.

కొలిచే పద్ధతి కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. ఒకప్పుడు టీకా వేసుకున్న వృద్ధుల్లో మరణాలు సగానికి తగ్గాయని అధ్యయనాలు వచ్చాయి. 2006లో లీసా జాక్సన్ బృందం వాటిని తిరగేసి చూస్తే, ఆ తేడా ఫ్లూ సీజను మొదలుకాకముందే ఉంది. ఓపిక ఉండి నడిచి వెళ్లి సూది వేయించుకునేవాళ్లు మొదటే ఆరోగ్యవంతులు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పద్ధతి వేరు. ఫ్లూ లక్షణాలతో ఆసుపత్రికి వచ్చిన అందరికీ పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎందరికి టీకా పడింది, నెగెటివ్ వచ్చినవాళ్లలో ఎందరికి పడింది అని పోలుస్తారు. ఇద్దరూ ఆసుపత్రికి వచ్చినవాళ్లే కాబట్టి పక్షపాతం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఈ పద్ధతిలో వచ్చిన 2004-15 నాటి అధ్యయనాలను ఎడ్వర్డ్ బెలోంజియా బృందం 2016లో కలిపి చూసింది. సమర్థత 2009 హెచ్1ఎన్1 మీద 61 శాతం, బి రకం మీద 54, హెచ్3ఎన్2 మీద 33 శాతం. ఈ మూడు అంకెలు దగ్గర పెట్టుకుంటే సగం గందరగోళం విడిపోతుంది. ఫ్లూ టీకా అంటే ఒక సూదిలో మూడు నాలుగు వేర్వేరు టీకాలు. ఆ ఏడాది ఊళ్లో తిరిగిన వైరస్ ఏదన్నదాన్ని బట్టే మొత్తం అంకె పెరగడం, తరగడం చాలావరకు జరుగుతుంది. హెచ్3ఎన్2 ఏలిన ఏళ్లు చెడ్డ ఏళ్లు. హెచ్3ఎన్2 మీదే ఎందుకు తగ్గుతుందన్న దగ్గర పండితులు నాలుగు దారులు పట్టారు.

మొదటి వాదం: వైరస్ మారిపోయింది

అన్నిటికన్నా పాతదీ, పత్రికల్లో ఎక్కువగా కనపడేదీ ఇదే. వైరస్ పైపొరలోని హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ స్ట్రెయిన్లు ఎంపిక చేస్తుంది. 1998 నుంచి ఇలా ఏటా రెండుసార్లు జరుగుతోంది. అక్కడి నుంచి సీసా బయటికి రావడానికి ఆరు నెలలు. ఈలోగా వైరస్ దారి మార్చుకుంటే టీకా గురి తప్పుతుంది. 2014-15 ఇందుకు తిరుగులేని సాక్ష్యం. టీకాలో ఉన్నది 2012 నాటి టెక్సాస్ హెచ్3ఎన్2. జనంలో తిరిగింది 2013 నాటి స్విట్జర్లాండ్ రకానికి దగ్గరి వైరస్. ఫలితం 19 శాతం.

మన దగ్గర ఈ వాదం 2015లో పెద్ద వివాదమే అయింది. ఆ ఏడాది మొదట్లో తెలంగాణ సహా చాలా రాష్ట్రాల్లో స్వైన్ ఫ్లూ విరుచుకుపడింది. దేశంలో 42 వేలకు పైగా కేసులు వచ్చాయి, దాదాపు 3 వేలమంది చనిపోయారు. మార్చిలో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు కన్నన్ తారకరామన్, రామ్ శశిశేఖరన్ ఒక వ్యాసం ప్రచురించారు. 2014 నాటి భారతీయ వైరస్‌లో ప్రమాదకరమైన మార్పులు కనిపిస్తున్నాయని అందులో హెచ్చరించారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఒప్పుకోలేదు. తిరుగుతున్నది 2009 నాటి కాలిఫోర్నియా రకమేనని చెప్పింది. ఇందులో ఎవరు నెగ్గారన్నదానికన్నా నన్ను ఆపేది ఇంకొకటి. అంత పెద్ద దేశం గురించి అంత పెద్ద వాదన జరిగితే, అప్పటికి అందరికీ అందుబాటులో ఉన్న భారతీయ జన్యుక్రమాలు అతి కొద్ది. తీర్పు చెప్పడానికి సరిపడా సరుకే లేదు.

ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 టీకాలకు కాలిఫోర్నియా స్ట్రెయిన్‌ను తీసేసి 2015 నాటి మిషిగన్ స్ట్రెయిన్‌ను పెట్టింది. అదే 2017లో మన దేశంలో మళ్లీ 38 వేలకు పైగా కేసులు, 2,200కు పైగా మరణాలు నమోదయ్యాయి.

ఈ వాదానికి బలం ఎంతో, పరిమితి కూడా అంతే. 2025 చివర్లో హెచ్3ఎన్2లో కె అనే కొత్త ఉపశాఖ విస్తరించింది. ప్రయోగశాల పరీక్షల్లో అది టీకాకు బాగా దూరంగా ఉంది. తీరా బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ తొలి లెక్కలు వేస్తే, ఆసుపత్రి పాలుకాకుండా ఆపడంలో పిల్లల్లో 70 శాతం పైన, పెద్దల్లో 30-40 శాతం సమర్థత కనిపించింది. గురి తప్పిన టీకా కూడా ఉత్త నీళ్లు కాదు.

రెండో వాదం: మార్పు గుడ్డులోనే వచ్చింది

2012-13లో కెనడాలో హెచ్3ఎన్2 మీద టీకా సరిగా పనిచేయలేదు. వైరస్ మారిపోయిందనుకున్నారు. డానుటా స్కోవ్రోన్‌స్కీ బృందం తవ్వి చూస్తే జనంలో తిరుగుతున్న వైరస్ ఎంపిక చేసిన స్ట్రెయిన్‌కు దగ్గరగానే ఉంది. తేడా వచ్చింది ఫ్యాక్టరీలో. మనిషి గొంతులో బతికే వైరస్‌ను కోడిగుడ్డులో పెంచితే, అక్కడ బతకడానికి వీలుగా అది తన పైపొరను సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు యాంటీబాడీలు పట్టుకోవాల్సిన చోటే జరిగితే టీకా మన ఒంటికి వేరే రూపాన్ని చూపించినట్టవుతుంది. 2017లో స్కాట్ హెన్స్‌లీ బృందం దీన్ని ఇంకా దగ్గరగా చూపించింది. హాంకాంగ్ స్ట్రెయిన్‌తో చేసిన గుడ్డు టీకాలో 160వ స్థానం దగ్గర వైరస్‌ను కప్పి ఉంచే చక్కెర గొలుసు ఊడిపోయింది. ఆ టీకా వేసుకున్నవాళ్ల యాంటీబాడీలు బయట తిరిగే వైరస్‌ను సరిగా పట్టుకోలేకపోయాయి.

అయితే గుడ్లు మానేస్తే చాలా? 2017-18లో అమెరికాలో వృద్ధుల లెక్కలు తీస్తే కణాల్లో పెంచిన టీకా గుడ్డు టీకాకన్నా పది పదకొండు శాతం మెరుగ్గా ఉంది. అసలు వైరస్సే లేకుండా ప్రోటీన్‌ను మాత్రమే తయారుచేసి ఇచ్చే టీకా యాభై దాటినవాళ్లలో మామూలు టీకాకన్నా ఫ్లూను 30 శాతం తగ్గించిందని 2017లో ఒక పరీక్ష తేల్చింది. లాభం ఉంది, కొండంత కాదు. గుడ్డు దోషం నిజమే, కానీ అది కథలో ఒక భాగం. ఈ వాదాన్ని పట్టుకుని గుడ్డు టీకా వృథా అనేవాళ్లు ఆధారం కన్నా ఒక అడుగు ముందుకు వెళుతున్నారు.

మూడో వాదం: ఒంటికి ఉన్న జ్ఞాపకం

1960లో థామస్ ఫ్రాన్సిస్ ఒక సంగతి చెప్పారు. చిన్నప్పుడు మొదట సోకిన ఫ్లూ వైరస్ ముద్ర రోగనిరోధక వ్యవస్థ మీద జీవితాంతం ఉంటుంది. తర్వాత ఏ వైరస్ వచ్చినా, ఏ టీకా వేసినా ఒళ్లు ముందు ఆ పాత జ్ఞాపకాన్నే తట్టిలేపుతుంది. చాలాకాలం ఇది పాఠ్యపుస్తకాల్లో ఒక మూల పడి ఉంది. దాన్ని తిరిగి ముందుకు తెచ్చింది 2013-14 సీజను.

ఆ ఏడాది అమెరికాలో హెచ్1ఎన్1 మధ్యవయసు వాళ్లను ఎక్కువగా పట్టింది. ప్రయోగశాలలో వైరస్‌కూ టీకాకూ పోలిక చూసేది ఫెర్రెట్ల సీరంతో, అంటే యాంటీబాడీలున్న రక్తద్రవంతో. ఆ సీరం ప్రకారం వైరస్ మారలేదు, టీకా సరిపోయింది. హెన్స్‌లీ బృందం మనుషుల సీరంతో చూసింది. 1965-79 మధ్య పుట్టిన చాలామందిలో యాంటీబాడీలు ఎక్కువగా వైరస్ మీద 166వ స్థానం చుట్టూ గుమిగూడి ఉన్నాయి. 1977 తర్వాత తిరిగిన పాత హెచ్1ఎన్1 వాళ్లకు నేర్పిన పాఠం అది. కొత్త వైరస్ సరిగ్గా ఆ ఒక్క చోటే మారింది. ఫెర్రెట్‌కు ఏ గతమూ లేదు, జీవితంలో ఒకే ఒక్క ఫ్లూ చూసింది. అందుకే దానికి తేడా తెలియలేదు. నడివయసు మనిషికి ఆ మార్పు పెద్ద తేడానే. పోలిక సరిపోయిందన్న మాట ఎవరి సీరంతో చెప్పారో అడగాలని ఈ అధ్యయనం తర్వాతే నాకు బలంగా అనిపించింది.

ఏటా టీకా వేసుకుంటూ పోతే మంచిదా అన్న ఇబ్బందికరమైన ప్రశ్న కూడా ఈ వాదం నుంచే వచ్చింది. 1970ల్లో ఇంగ్లండ్‌లోని క్రైస్ట్స్ హాస్పిటల్ పాఠశాలలో హాస్కిన్స్ బృందం చూసినప్పుడు ఏటా వేసుకున్న పిల్లలకు చివరికి మిగిలిన లాభం కనపడలేదు. ఆ తర్వాత హ్యూస్టన్‌లో చేసిన పరీక్షల్లో అలాంటి నష్టం బయటపడలేదు. 1999లో డెరెక్ స్మిత్ దీనికి ఒక సర్దుబాటు చెప్పారు. పాత టీకా, కొత్త టీకా దాదాపు ఒకటై, తిరిగే వైరస్ మాత్రం దూరంగా ఉంటే పాతది అడ్డొస్తుంది. వైరస్ పాత టీకాకు దగ్గరగా ఉంటే పాతదే సాయపడుతుంది. 2014-15 కెనడా లెక్కలు దీనితో చక్కగా కలిశాయి. కానీ ఏ ఏడాది ఏది జరుగుతుందో ముందే చెప్పే నేర్పు ఇంకా ఎవరికీ చిక్కలేదు.

నాలుగో వాదం: ఎప్పుడు వేశారు

టీకా బలం నెలనెలా తరుగుతుంది. అమెరికా లెక్కల్లో హెచ్3ఎన్2 మీద నెలకు 7 శాతం చొప్పున తగ్గుతున్నట్టు 2017లో ఒక అంచనా వచ్చింది. ఈ తరుగుదలలో కొంత లెక్కల మాయ అనే పండితులూ ఉన్నారు. సీజను నడిచేకొద్దీ టీకా లేనివాళ్లలో చాలామందికి ఫ్లూ వచ్చిపోయి వాళ్లకూ రక్షణ వస్తుంది కాబట్టి, పోలికలో టీకా బలహీనపడినట్టు కనిపిస్తుందంటారు. అయినా కొంత తరుగుదల నిజమని అందరూ ఒప్పుకుంటారు. శీతాకాలం ఒక్కటే ఫ్లూ కాలమైన చోట ఇది పెద్ద సమస్య కాదు. మనలాంటి చోట ఇదే అసలు సమస్య.

ఒకే టీకా, వేర్వేరు ఫలితాలు

పై నాలుగు వాదాలూ చాలావరకు అమెరికా, ఐరోపా, కెనడా అంకెల మీద నడిచాయి. మనకు దగ్గరివి రెండు ఉన్నాయి. వాటికి రావాల్సినంత పేరు రాలేదు.

మొదటిది హర్యానాలోని బల్లభ్‌గఢ్. ఆరు నెలల నుంచి పదేళ్ల లోపు పిల్లలకు 2009 నవంబరు నుంచి మూడేళ్లపాటు ఏటా ఫ్లూ టీకా వేశారు, కొన్ని ఇళ్లకు పోల్చి చూడటానికి పోలియో టీకా వేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. మొదటి ఏడాది రక్షణ 25.6 శాతం, రెండో ఏడాది 41, మూడో ఏడాది 74.2. ఊళ్లు అవే, బృందం అదే. మొదటి ఏడాది తక్కువ రావడానికి ఒక కారణం కళ్లముందే ఉంది. ఆ సీజను టీకాలో 2009 కొత్త హెచ్1ఎన్1 లేదు, జనంలో తిరిగింది మాత్రం అదే. ఇక్కడ మొదటి వాదం నెగ్గినట్టే. మరోపక్క ఢిల్లీ చుట్టుపక్కల ఫ్లూ ఉధృతి వానాకాలంలో, టీకా వేసింది చలికాలం మొదట్లో. కాలం వాదమే సర్వస్వమైతే 74 శాతం రావడం కష్టం. పిల్లలకు టీకా వేస్తే ఇంట్లో పెద్దవాళ్లకూ రక్షణ దక్కుతుందన్న ఆశ మాత్రం అక్కడ నెరవేరలేదు.

రెండోది ఇంకా విచిత్రం. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ చేసిన, ముక్కులో చల్లే సజీవ టీకాను 2013లో బంగ్లాదేశ్‌లోనూ సెనెగల్‌లోనూ చిన్నపిల్లల మీద పరీక్షించారు. బంగ్లాదేశ్‌లో టీకాలోని స్ట్రెయిన్ల మీద 57.5 శాతం రక్షణ వచ్చింది. సెనెగల్‌లో సున్నా. రెండూ 2016లో ఒకే పత్రికలో అచ్చయ్యాయి. సెనెగల్‌లో ఆ ఏడాది హెచ్1ఎన్1 ఎక్కువ, టీకాలోని ఆ భాగం ముక్కులో సరిగా పెరగలేదేమో అన్నది ఒక అనుమానం. అమెరికాలోనూ సజీవ టీకా హెచ్1ఎన్1 దగ్గరే తప్పింది. 2015-16లో అక్కడి పిల్లల్లో 3 శాతమే రావడంతో దాని సిఫార్సును రెండు సీజన్లపాటు ఆపేశారు. అదే ఏడాది బ్రిటన్, ఫిన్లాండ్ మాకు బాగానే పనిచేసిందని ప్రకటించాయి. బంగాళాఖాతం ఒడ్డు దేశంలో, వానలకు ముందు టీకా వేసి ఫలితం రాబట్టిన బంగ్లాదేశ్ పరీక్ష మన తీరానికి ఏ అమెరికా లెక్కకన్నా దగ్గరిదని నా అభిప్రాయం.

పక్కపక్కన పెడితే

వైరస్ మారిపోయిందన్న మొదటి వాదం 1947నూ, 2014-15నూ, బల్లభ్‌గఢ్ మొదటి ఏడాదినీ తేలిగ్గా వివరిస్తుంది. 2012-13ను వివరించలేదు. అక్కడ గుడ్డు వాదం సరిపోతుంది. ఈ రెండూ కలిసినా, ఒకే టీకా ఒకే ఊళ్లో వయసును బట్టి ఎందుకు తేడా చూపిస్తుందో చెప్పలేవు. దానికి జ్ఞాపకం వాదం కావాలి. జ్ఞాపకం వాదం మనుషులను అన్నిటికన్నా నిజాయితీగా చూస్తుంది కానీ, వచ్చే ఏడాది ఏం చేయాలంటే చేతులెత్తేస్తుంది. మొదటి రెండు వాదాలకూ మందు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉన్న జెనీవాలోనో ఫ్యాక్టరీలోనో ఉంది. నాలుగోదానికి మందు మన చేతిలో ఉంది, ఖర్చు కూడా లేదు. అందుకే దానికి విశాఖలో పెద్దపీట వేయాలంటాను, అది ఒక్కటే అన్నీ వివరిస్తుందని కాదు.

విశాఖ క్యాలెండర్

2009-13 మధ్య పది నగరాల నమూనాలతో మందీప్ చద్దా బృందం చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. శ్రీనగర్‌లో ఫ్లూ జనవరి-మార్చిలో. ఢిల్లీ, లక్నో, పుణె, నాగపూర్, కోల్‌కతా వంటి చోట్ల వానాకాలంలో. చెన్నై, వెల్లూరులో ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరులో. దేశంలో ఎక్కువచోట్ల ఏప్రిల్-మేలో, శ్రీనగర్‌లో అక్టోబరులో టీకా వేయడం మేలని వాళ్లు చెప్పారు. ఆ పది నగరాల్లో విశాఖ లేదు, తెలుగు రాష్ట్రాల నగరం ఒక్కటీ లేదు.

కోల్‌కతాకూ చెన్నైకీ మధ్యన, జూన్ నుంచి నైరుతి, అక్టోబరులో వాయుగుండాలు, రెండు వానలూ పడే తీరం మనది. హుద్‌హుద్ తుఫాను వచ్చిందీ అక్టోబరులోనే. అంటే ఇక్కడి ఫ్లూ కోల్‌కతాలా జులైలో ఎగయవచ్చు, చెన్నైలా నవంబరులో ఎగయవచ్చు, రెండుసార్లూ ఎగయవచ్చు. 2023 మొదట్లో దేశమంతా హెచ్3ఎన్2 జ్వరాలు ముసురుకున్నట్టు ఎండల ముందూ రావచ్చు. నాటుకు అదను తెలియకుండా నారు పోసినట్టుంది మన టీకా పరిస్థితి.

భౌగోళికంగా మనది ఉత్తరార్ధగోళం. ఆ టీకా బజారులోకి వచ్చేది వానలు చాలావరకు అయిపోయే వేళకు. ఏప్రిల్‌లో వేయాలంటే దక్షిణార్ధగోళపు టీకా కావాలి. ఏది సరైనదన్న దాని మీద వైద్యుల మధ్య గట్టి వాదనే ఉంది. అయితే సీసా పెట్టె మీది చిన్న అక్షరాలు చదివితే ఈ వాదన వేడి కొంత తగ్గుతుంది. ఎ/థాయ్‌లాండ్/8/2022 లాంటి పేర్లు రాసి ఉంటాయి. రకం, దొరికిన చోటు, నమూనా సంఖ్య, ఏడాది. 2024 దక్షిణార్ధగోళ టీకాలోనూ, 2024-25 ఉత్తరార్ధగోళ టీకాలోనూ హెచ్3ఎన్2 ఇదే. హెచ్1ఎన్1 రెండింటిలోనూ ఎ/విక్టోరియా/4897/2022. అలాంటి ఏళ్లలో అర్ధగోళాల గొడవ పేరుకే. అప్పుడు చూడాల్సింది ఒంట్లోకి ఎక్కిన తేదీ. స్ట్రెయిన్లు వేరైన ఏడాది మాత్రం పెట్టె మీది పేర్లే ముఖ్యం. ఏప్రిల్‌లో మందుల షాపులో దొరికేది కిందటి అక్టోబరులో వచ్చిన సరుకు కావచ్చు.

నాలుగు రకాల టీకా మేలా, మూడు రకాలది చాలా అన్న చర్చ మాత్రం దానంతటదే ముగిసింది. బి రకంలోని యమగాటా శాఖ 2020 మార్చి తర్వాత కనపడలేదు. దాన్ని టీకాలోంచి తీసేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరులో చెప్పింది.

ఇంకా తేలనివి

ఫ్లూ టీకా మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఆరోగ్య సిబ్బందికి, గర్భిణులకు దీన్ని సూచిస్తాయి. మిగతావాళ్లు చాలావరకు సొంత డబ్బుతో కొనుక్కోవాల్సిందే. వేసుకునేవాళ్లు తక్కువగా ఉన్న చోట సమర్థత కొలవడం కష్టం. కొలవకపోతే వేయమని అడగడానికి బలం ఉండదు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. ఆంధ్ర వైద్య కళాశాలలో వైరస్ పరీక్షల ప్రయోగశాల ఉంది. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో, ఛాతీ ఆసుపత్రిలో, ఉక్కునగరం ఆసుపత్రిలో, రేవు ఆసుపత్రిలో ఫ్లూ లక్షణాలతో వచ్చినవాళ్ల స్వాబ్ తీసేటప్పుడు ఫారంలో మూడు గడులు కలిపితే చాలు: టీకా వేసుకున్నారా, ఏ నెలలో, పెట్టె మీద ఏ స్ట్రెయిన్లు. ఉక్కు కర్మాగారం, రేవు రెండింటికీ సొంత ఆసుపత్రులూ, సిబ్బంది ఆరోగ్య రికార్డులూ ఉన్నాయి. ఇలాంటి లెక్కకు ఇంత అనువైన ఊళ్లు దేశంలో ఎన్నో ఉండవు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న అరవై దాటి, ఆయాసంతో బాధపడే మనిషిది. టీకా అవసరం ఎక్కువ ఆయనకే, టీకాకు స్పందించే శక్తి తక్కువ ఆయన ఒంటికే. మామూలు టీకాకు నాలుగు రెట్ల మోతాదు ఉన్న సూది వృద్ధుల్లో ఫ్లూను 24 శాతం అదనంగా తగ్గించిందని 2014లో అమెరికా, కెనడాల్లో ఒక పెద్ద పరీక్ష తేల్చింది. 2025లో డెన్మార్క్‌లో అంతకన్నా పెద్ద పరీక్ష జరిగితే, ఫ్లూ లేదా న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరడంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

మోతాదు పెంచడం కాకపోతే, రెండుసార్లు వేయడమా? హాంకాంగ్ కూడా మనలాగే ఏటా రెండుసార్లు ఫ్లూ ఎగయగల రేవు నగరం. 2014-15 టీకా గురి తప్పాక 2015 మేలో అక్కడి ప్రభుత్వం వృద్ధులకు దక్షిణార్ధగోళపు టీకాను అదనంగా ఇచ్చింది. జూన్ వానలకు ముందొకటి, అక్టోబరు వానలకు ముందొకటి అన్న ఆలోచన కాలం వాదం ప్రకారం విశాఖకు సరిగ్గా అతికినట్టుంటుంది. జ్ఞాపకం వాదం ప్రకారం ఆరు నెలలకోసారి దాదాపు అదే స్ట్రెయిన్‌ను ఒంటికి చూపిస్తే స్పందన మొద్దుబారే ప్రమాదం ఉంది. రెండు వాదాలూ గట్టివే, రెండూ ఒకే మనిషి గురించి ఎదురెదురు సలహాలు ఇస్తున్నాయి. కేజీహెచ్ ఫారంలో ఆ మూడు గడులు నాలుగైదు వానాకాలాలపాటు నిండితే గానీ ఇందులో ఏది ఈ తీరానికి వర్తిస్తుందో చెప్పలేం. అప్పటిదాకా ఆయాసం మనిషికి మే నెల దాటకుండా ఒక్క టీకా, పెట్టె మీద అప్పటికి తాజాగా సిఫార్సు చేసిన స్ట్రెయిన్ల పేర్లు చూసి వేయించడమే ఆధారాలు ఒప్పుకునే సలహా.